ఒక పొయ్యి, ఒక కుండీ

పోయిన చలికాలం మా ఇంట్లో రెండు పొయ్యిలు మండాయి. ఆస్తి గొడవ కాదు, మాట పట్టింపు కాదు. చామంతి పువ్వు కోసం. ఈ ముచ్చట చెబితే కోరుట్లలో సగం మంది నమ్మలేదు. మిగతా సగం మంది నమ్మి నవ్వారు.

నా పేరు దేవయ్య. మోకాళ్లు మాట విన్నంత కాలం కల్లు గీయడానికి తాళ్లెక్కాను. చెట్టు దిగిపోయాక చేతులు ఊరికే ఉండలేక చామంతులు పట్టుకున్నాను. గెలకు కత్తి పెట్టిన చేతికి మొగ్గ గిల్లడం పెద్ద పని కాదు. రెండింట్లోనూ సంగతి ఒకటే. ఎంత కొయ్యాలో అంతే కొయ్యాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు చామంతి పెంచేవాళ్లకు ఒక సంఘం ఉంది. మావి అమ్ముకునే పూలు కావు. కుండీకి ఒక మొక్క, మొక్కకు ఒక కాడ, కాడకు ఒకటే పువ్వు. ఒంటి పువ్వు అంటాం. పక్కన లేచే మొగ్గలన్నీ గిల్లేసి బలమంతా కొన మొగ్గకే పంపిస్తే, చలి ముదిరే వేళకు అది గిన్నె మూతంత విచ్చుకుంటుంది. డిసెంబర్ ఆఖరు ఆదివారం జగిత్యాలలో ప్రదర్శన. ప్రతి కుండీ ముందు పెంచినవాళ్ల పేరు రాసిన చీటీ బోర్లా పెడతారు. జడ్జీలు చూసి, మార్కులు వేసి పక్కకు జరిగాకే చీటీలు తిరగేస్తారు. మొదటి బహుమతి కుండీ ముందు చీటీ తిరగేస్తే చాలాసార్లు నా పేరే ఉంది. గొప్పకు చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

సంఘానికి ముఖ్యమైన నియమం ఒకటే. ఒక పొయ్యికి ఒక కుండీ. అది పెట్టించింది నేనే. మొదట్లో ఒకాయన తన పేరు మీద ఒకటి, తమ్ముళ్ల పేర్ల మీద రెండు కుండీలు తెచ్చి బల్ల నింపాడు. అందరూ గుసగుసలాడారు గాని ఎవరూ అడగలేదు. నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు లేచి ఒక్క మాట అడిగాను.

"మీ ముగ్గురు ఇయ్యాల పొద్దుగాల ఎక్కడ తిన్నరు?"

"మా అన్నింట్లనే," అన్నాడు చిన్న తమ్ముడు.

రెండు కుండీలు కిందికి దిగాయి. అప్పటి నుంచి ఎవరి మీద అనుమానం వచ్చినా సంఘంలో ఆ ప్రశ్నే అడుగుతారు. మనిషి దేని మీదైనా అబద్ధం ఆడగలడు. ఆ పొద్దున తిన్న తిండి మీద మాత్రం నాలుక తడబడుతుంది.

*

మా కోడలు వనిత. నా కొడుకు దివాకర్‌కు ఆటో ఉంది, కోరుట్ల బస్టాండు దగ్గర నడుపుతాడు. పెళ్లయి వచ్చిన మొదటి ఎండాకాలం నుంచే వనిత నా కుండీలకు నీళ్లు పోస్తోంది. నేను చెప్పింది లేదు, ఆమె అడిగింది లేదు. కాడను కర్రకు కట్టేటప్పుడు నేను వేసే ముడి కూడా చూసి నేర్చుకుంది. అది మోకు ముడి. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు మోకు. ఆ ముడి బరువు పడితే బిగుస్తుంది గాని కాడను కొయ్యదు. ఈత నారతో వేస్తాం. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వెయ్యరు.

అంతకు ముందు ఏడు సిరిసిల్లలో చిన్న ప్రదర్శన పెట్టారు. నాకు కప్పు వచ్చింది. ఫోటో తీసేటప్పుడు ఎవరో ఒకామె వనితను చూసి, ఈమె ఎవరు అని అడిగింది. మా సంఘం కార్యదర్శి ప్రేమ్‌కుమార్ తొందరలో ఉన్నాడు. "ఆమె నీళ్ల బకెట్ తెచ్చింది," అన్నాడు. మంచివాడే. జగిత్యాలలో మందుల దుకాణం నడుపుతాడు, ఎవరినీ నొప్పించే రకం కాదు. బకెట్ తెచ్చిన మాట కూడా నిజమే.

వనిత తిరుగు దారంతా ఆటోలో బకెట్ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. కిందపెట్టు, చోటుంది కదా అన్నాడు దివాకర్. పెట్టలేదు.

పోయిన వానాకాలం నేను పిలకలు ఏరుతూ, పనికిరానివి పెంటకుప్ప మీద పడేశాను. వాటిలో ఒకటి ఇటుక రంగు చామంతి. రంగు బాగుంటుంది గాని కాడ వంగుతుంది, పువ్వు నిండదు. దానితో లాభం లేదని నేను తేల్చుకుని చాలా ఏళ్లయింది. వనిత దాన్ని ఏరి పగిలిన కల్లు లొట్టిలో నాటింది. నేను చూశాను. దసరా నాటికి అది లొట్టి దాటి కుండీలోకి మారింది. కాడ పక్కన కర్ర లేచింది. కర్రకు మోకు ముడి పడింది.

కార్తీకంలో ఒక పొద్దున నేను నా తెల్ల చామంతికి పక్క మొగ్గలు గిల్లుతున్నాను. వనిత వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"మామా, ఈసారి జగిత్యాలల నా కుండీ పెడ్త."

"ఒక పొయ్యికి ఒక కుండీ."

"ఎరికే. అందుకే ముందుగాల అడుగుతున్న. ఏది పెడుదాం?"

నేను ఆమె మొక్క దిక్కు చూశాను. కొన మొగ్గ శనగ గింజంత ఉంది, గట్టిగా ఉంది. నా దాని మొగ్గ అప్పటికే రేగుపండంత.

"మంచిది పెట్టాలె," అన్నాను.

"అంటే నీదే."

నేను ఇంకో మొగ్గ గిల్లాను. నిజానికి నాదే మంచిది.

మా ఇంటామె చంద్రవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతూ అంతా వింటోంది. "గా మనిషిని అడుగుడు ఎందుకే పిల్లా? గోడను అడిగితె జర నయం. మారు పలుకుతది," అంది.

వనిత నవ్వలేదు. మట్టి చేతులు దులుపుకొని లేచింది. "అయితే ఏరే పొయ్యి పెట్టుకుంట," అంది.

ఎకసెక్కం అనుకున్నాను. తెల్లారి చూస్తే పెరట్లో కుండీల వరుస పక్కనే మూడు రాళ్లు, రాళ్ల మధ్య కట్టెలు, మీద గిన్నె. గిన్నెలో పప్పు ఉడుకుతోంది. పొగ నా చామంతుల మీదుగా గోడ దాటి పోతోంది.

"ప్రదర్శనకు నెల ముందు నుంచి మండాలె గద మామా, లెక్కకు రావాలంటె," అంది వనిత పొయ్యి ఊదుతూ. "ఇంకా నెల మీదనే ఉన్నది."

నియమం ఆమెకు నాకంటే బాగా తెలుసు.

*

మొదటి నాలుగు రోజులు నవ్వులాటగానే గడిచింది. దివాకర్‌కు ఇంట్లో ఒక అన్నం, పెరట్లో ఒక అన్నం. ఎక్కడ వద్దన్నా తంటానే కనుక రెండు చోట్లా తిని, ఆటో నడపబోయి సీట్లో నిద్రపోయాడు. చంద్రవ్వ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ గరిటె పట్టింది. ఆమెకు కళ్లు సరిగా ఆనవు. ఒక పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, ఇంకో పూట పడనే లేదు.

"ఎట్లున్నది?" అని అడిగేది.

"మంచిగున్నది."

"అబద్ధం. కప్పు కావాలె గద, తిను."

గల్లీలో వాళ్లకు మాత్రం నవ్వులాటగా లేదు. పొగ కనపడ్డ చోట కళ్లు ఆగుతాయి. దేవయ్య ఇల్లు వేరు పడిందట అన్నారు. కోడలు వేరు పెట్టించిందట అన్నారు. చామంతి కోసం అని చంద్రవ్వ చెబితే, చెప్పలేక ఏదో సాకు చెబుతోంది పాపం అనుకున్నారు.

ప్రేమ్‌కుమార్ స్కూటరేసుకొని చూడటానికి వచ్చాడు. పొయ్యి వేరని ఎవరైనా చెబితే కార్యదర్శి వచ్చి చూసిపోవడం ఆనవాయితీ. రాళ్లు చూశాడు. బూడిద చూశాడు. వనిత ఉప్పు డబ్బా, కారం డబ్బా విడిగా చూపించింది. అంతా బాగానే ఉంది. కట్టెల చాటున మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి కనపడింది. మూత తీశాడు. చిక్కుడుకాయ కూర. గిన్నె మీద చంద్రవ్వ పేరు చెక్కి ఉంది.

"గీ గిన్నె గిక్కడికెట్లొచ్చింది అవ్వా?"

"మా పిల్లి తెచ్చింది," అంది చంద్రవ్వ.

"మూత గూడ పిల్లే పెట్టిందా?"

"మా పిల్లి మంచిది."

ప్రేమ్‌కుమార్ నా దిక్కు చూశాడు. నేను మొక్క దిక్కు చూశాను. "పొగయితే వస్తున్నది," అని అతను స్కూటర్ తీశాడు. "ఇయ్యాలటికి గంతే. అక్కడ ఎవరన్న అడిగితె మాత్రం మీరే చెప్పుకోవాలె కాకా."

ఆ తర్వాత కూరలు రావడం ఆగిపోయింది. వనితే వద్దంది. చేస్తే సరిగ్గా చెయ్యాలె అత్తా అంది. అక్కడి నుంచి నవ్వులాట తగ్గింది. చంద్రవ్వ పొద్దున్నే రొట్టెలు కొట్టి కొట్టి కుడి మణికట్టు వాచింది. నూనె రాసుకుంటూ కూర్చునేది. వనిత పెరట్లో నుంచి చూసేది. ఇద్దరి మధ్యా తలుపు తెరిచే ఉండేది గాని, ఎవరూ గడప దాటేవారు కాదు. రోజంతా ఏదో ఒకటి మాట్లాడుకునే అత్తాకోడళ్లు. అప్పుడు ఇంట్లో నాకు నా గొంతే వినపడేంత నిశ్శబ్దం. నాది అసలే పెద్ద గొంతు కాదు.

డిసెంబర్ మొదట్లో వనిత అన్న విజయ్ మల్యాల నుంచి బండి మీద వచ్చాడు. ఎవరు చేరవేశారో చేరవేశారు. మంచం మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

"మామా, దాపరికం ఎందుకు గని, పొయ్యి ఏరైనంక రేపు గోడ గూడ ఏరు కావాలె గద. మా చెల్లెకు ఎటు దిక్కు వస్తదో పెద్దమనుషులను కూసోబెట్టి అనుకుంటె మంచిది. ఇగ నీ ఇష్టం."

దివాకర్ మొహం మాడింది. చంద్రవ్వ నూనె రాసుకోవడం ఆపింది. నేను ఏమన్నా అంటానేమోనని అందరూ ఆగారు. నా నోట్లో మాట తయారవ్వడానికి సమయం పడుతుంది.

అంతలో వనిత పెరట్లో నుంచి చాయ్ గ్లాసు తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

"అన్నా, నేను పొయ్యి పెట్టింది పువ్వు కోసం. గోడ కోసం కాదు."

"లోకం గట్ల అంటలేదే."

"లోకం నా కుండీకి నీళ్లు పోస్తదా? చాయ్ తాగు. తాగినంక మల్యాల పో. వదినెను అడిగిన అని చెప్పు."

విజయ్ చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం దివాకర్ ఆటో తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"బాపూ, బస్టాండ్ల అందరు గిదే అడుగుతున్నరు. ఒక్క మాట చెప్పరాదు? ఆమెను పెట్టద్దను. లేకపోతె నువ్వన్న పెట్టకు."

"ఆమె నియమం ప్రకారమే చేస్తున్నది."

"మరి నువ్వు?"

"నేను గూడ."

"ఇద్దరు నియమం ప్రకారమే ఉన్నరు. నడుమ ఇల్లు పోతున్నది," అన్నాడు వాడు. బట్ట పిండి ఆటో మీద వేసి లోపలికి పోయాడు.

ఆ మాట నాతోనే ఉండిపోయింది. మొక్కల దగ్గరికి పోయాను. చీకటి పడకముందు ఒకసారి ఆకులు తిప్పి చూడటం అలవాటు. మంచు పడే రోజులు. నా కుండీల్లో కింది ఆకులకు పేనుబంక తగిలింది. రెండు ఆకులు పసుపు తిరిగి రాలాయి కూడా. వనిత మొక్క చూశాను. కింది ఆకు దాకా పచ్చగా, శుభ్రంగా ఉంది. రోజూ పొయ్యిలో బూడిద ఆకుల మీద చల్లుతోంది, పొగ ఎలాగూ తగులుతోంది. ఇటుక రంగు మొగ్గ విచ్చుతోంది. కాడ వంగలేదు. నేను పెంచినప్పుడు ఎందుకు వంగిందో అప్పుడు అర్థమైంది. నేను నీళ్లు ఎక్కువ పోసేవాణ్ని. ఆమె మొక్కను కొంచెం దాహంగా ఉంచుతోంది.

అయినా నా తెల్లది పెద్దది. గుండ్రంగా, నడిమిట్ల సందు లేకుండా, రేకు మీద రేకు సర్దినట్టు. గెలుపు మీద నాకు అనుమానం లేదు.

*

ప్రదర్శన రోజు తెల్లవారుజామున కళ్లు తెరిస్తే పెరడు కనపడలేదు. అంత మంచు. వనిత పొయ్యి దగ్గర దగ్గుతోంది. కట్టెలు తడిసిపోయాయి. పొగ వస్తోంది గాని మంట లేవడం లేదు. ఒంటి పువ్వులు తెల్లారగానే జగిత్యాల చేరాలి, ఎండెక్కితే రేకులు వాలుతాయి. దివాకర్ ఆటోలో గడ్డి పరుస్తున్నాడు, కుండీలు కదలకుండా.

ఇంట్లో చంద్రవ్వ రొట్టెల పిండి కలపబోయి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మణికట్టు మడవడం రావడం లేదు.

వనిత పెరటి గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. అత్త ముందు నుంచి పిండి పళ్లెం జరుపుకుంది. లైటర్ తీసి గ్యాస్ ముట్టించింది. నలుగురికీ జొన్న రొట్టెలు కొట్టింది. చంద్రవ్వ పక్కన కూర్చుని వెల్లుల్లి కారం వడ్డించింది. నేను రెండు రొట్టెలు తిన్నాను. అంచు దాకా ఒకే మందం, నడుమ పొంగు. ఎవరి చేతిదో చూడకుండా చెప్పొచ్చు. దివాకర్ మూడు తిన్నాడు.

తినేటప్పుడే నాకు తెలుసు ఏం తింటున్నానో. ఆకలైంది, తిన్నాను.

ఆటోలో నా ఒళ్లో నా కుండీ, వనిత ఒళ్లో ఆమె కుండీ. చంద్రవ్వ మధ్యలో. నీళ్ల బకెట్ దివాకర్ కాళ్ల దగ్గర.

జగిత్యాలలో ఖిల్లా పక్క ఫంక్షన్ హాలు. పొడుగు బల్లల మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద కుండీల వరుస. పసుపు, తెలుపు, ఊదా. అందరూ నా తెల్ల దాని ముందు ఆగి, ఏమీ అనకుండా కదిలారు. ఏమీ అనలేదంటేనే సంగతి అర్థం. గంభీరావుపేట కొమురెల్లి మాత్రం ఆగి వంగి చూశాడు. ఆయన పసుపు చామంతి ఏటా నా వెనకే రెండోది వస్తుంది. ఆ ఏడు ఆయనది కూడా మెరుస్తోంది. కొమురెల్లి నా పువ్వు చూడటం లేదు, కాడ చూస్తున్నాడు. తర్వాత అటు పోయి ఇటుక రంగు దాని కాడ చూశాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ప్రేమ్‌కుమార్ సారూ, జర గిటు రా. గీ ముడి సూడు. గా ముడి సూడు. దేవన్న ఇంట్ల తప్ప ఈ ముడి ఎవలేస్తరు? ఒక్క పొయ్యికెల్లి రెండు కుండీలు అచ్చినయ్."

జనం దగ్గరికి జరిగారు. జడ్జీ రాజనర్సు సిరిసిల్ల ఆయన, పెద్దమనిషి. చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దిక్కు తిరిగాడు. తగవు తేలేదాకా జడ్జీ వినకూడదు.

"వాళ్ల పొయ్యి ఏరే ఉన్నది. నేను సూసొచ్చిన," అన్నాడు ప్రేమ్‌కుమార్.

"రాళ్లు సూసినవ్. అడిగినవా?"

ప్రేమ్‌కుమార్ నా దగ్గరికి వచ్చాడు. అతనికి ఇబ్బందిగా ఉంది.

"కాకా, నువ్వు పెట్టిన నియమమే. అడగక తప్పది. ఇయ్యాల పొద్దుగాల ఎక్కడ తిన్నవ్?"

"ఇంట్ల."

"ఎవల పొయ్యి మీదిది?"

వనిత తన కుండీ అంచు పట్టుకుని నిలబడింది. తల ఎత్తలేదు. చంద్రవ్వ వండింది అని ఒక మాట అంటే రెండు కుండీలూ బల్ల మీదే ఉంటాయి. వాచిన చెయ్యి కొంగు కింద పెట్టుకుని చంద్రవ్వ నన్నే చూస్తోంది. నేను అంటే ఆమె కాదనదు. పొయ్యి వేరని నలుగురిలో తేలితే, మల్యాల నుంచి పెద్దమనుషులు కూడా రావొచ్చు ఆ తర్వాత.

"మా వనిత రొట్టెలు చేసింది," అన్నాను. "రెండు తిన్న. మా ఇంట్ల ఒకటే పొయ్యి."

కొమురెల్లి చేతులు దులుపుకున్నాడు. "అంతే గద. ఒకటి దించాలె."

"ఏది దించుదాం కాకా?" అన్నాడు ప్రేమ్‌కుమార్, అప్పటికే ఇటుక రంగు దాని మీద చెయ్యేసి. "నీదే ఉంచుదాం. పాతోనివి."

వనిత ఆ చెయ్యిని చూసింది. కుండీ అంచు వదిలేసి ఒక అడుగు వెనక్కి వేసింది. బకెట్ ఉన్న దిక్కు.

"ఆగు," అన్నాను. "పొయ్యికి కుండీ అని గద మాట. పొయ్యి ముట్టిచ్చినోళ్లదే కుండీ. నేను ఏనాడు ముట్టియ్యలే. నాది దించు."

ప్రేమ్‌కుమార్ కదల్లేదు. నేనే దించాను. బరువు కుండీ. మోకాలు నొప్పి పెట్టింది గాని రేకు కదలకుండా దించాను.

వనిత దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అంది. "మామా, నీ పువ్వే పెద్దగున్నది."

"తెలుసు," అన్నాను.

వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది. కొమురెల్లి భార్య దేవవ్వ. పెద్ద మనిషి, పెద్ద బొట్టు.

"ప్రేమ్‌కుమార్ సారూ, మరి గట్లయితె మా కుండీ చీటీ మీద పేరు కొట్టేసి నా పేరు రాయి. గీయన గూడ ఏనాడు పొయ్యి ముట్టియ్యలే."

హాలంతా నవ్వు. కొమురెల్లి ఎర్రబడ్డాడు.

"ముట్టియ్యకపోతె ఏమాయె? సిలిండర్ ఎవలు మోసుకొస్తున్నరు?"

"మోసుకచ్చుడు ఏరు, ముట్టిచ్చుడు ఏరు. దేవన్న చెప్పలేదా ఇప్పుడు? నువ్వే గద అడిగిచ్చినవ్."

"ఇంట్ల మాట్లాడుకుందాం."

"ఇంట్ల రేపు పొద్దుగాల పొయ్యి ఎవలు ముట్టిస్తరో గది గూడ మాట్లాడుకుందాం."

ప్రేమ్‌కుమార్ చీటీ తీసి పేరు మార్చాడు. అప్పుడు ఇంకో మూల నుంచి ఒకామె చెయ్యెత్తింది. ఆ తర్వాత ఇంకొకామె. మగవాళ్లు బల్లల వెనక సర్దుకుని నిలబడ్డారు. జడ్జీలు బల్ల దగ్గరికి తిరిగేసరికి సగం చీటీల మీద పేర్లు మారాయి. రాజనర్సుకు ఇవేవీ తెలియవు. తెలియనట్టే మొహం పెట్టాడు.

ఆయన ఇటుక రంగు పువ్వు ముందు చాలాసేపు నిలబడ్డాడు. పువ్వు చూశాడు, కాడ చూశాడు. వంగి కింది ఆకును బొటనవేలితో తుడిచి, వేలు చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటుకోలేదు. పక్కనున్న జడ్జీకి ఆ వేలు చూపించాడు.

మొదటిది గంభీరావుపేట పసుపు చామంతికి. చీటీ తిరగేసి ప్రేమ్‌కుమార్ చదివాడు, దేవవ్వ. కప్పు తీసుకోవడానికి ఆమె వెళ్తుంటే చప్పట్లు కొట్టినవాళ్లలో కొమురెల్లి కూడా ఉన్నాడు. ఏం చేస్తాడు.

రెండోది, వనిత, కోరుట్ల.

మొత్తం పేరు పలికాడు. హాలంతా వినపడేలా పలికాడు. ఫోటో తీస్తున్నప్పుడు పక్కకు జరుగు కాకా అన్నారు నన్ను. నా చేతిలో నీళ్ల బకెట్ ఉంది.

నా తెల్లది బల్ల మీద ఉండి ఉంటే మొదటిది నాదే. ఇప్పుడూ అదే అంటాను.

*

ఇంటికి రాగానే వనిత పెరట్లో మూడు రాళ్లు తీసేయబోయింది. నేను వద్దన్నాను. నా కుండీ తెచ్చి వాటి మీద పెట్టాను. ఎత్తుగా ఉండి గాలి బాగా ఆడుతుంది. చంద్రవ్వ చేతికి పట్టీ వేయించాం. అత్తాకోడళ్లు మళ్లీ మొదలుపెట్టారు, మాటలు. ఇల్లు ఎప్పటి చప్పుడుకు వచ్చింది. విజయ్ ఎండాకాలంలో ఒకసారి వచ్చాడు, మామిడికాయలు తెచ్చాడు, గోడ గురించి ఏమీ అడగలేదు. దివాకర్ ఒకేచోట తిని ఆటో నడుపుతున్నాడు.

ఎండాకాలం మీటింగులో నియమం మార్చారు. చీటీ మీద పొయ్యి ముట్టించేవాళ్ల పేరే ఉండాలి. చేతులెత్తమంటే ఆడవాళ్లంతా ఎత్తారు. మగవాళ్లలో ఎత్తింది ఇద్దరు. నేనొకణ్ని. రెండో వాడు కొమురెల్లి. దేవవ్వ పక్కనే కూర్చుంది.

వానలు పడగానే పిలకల కోసం మనుషులు రావడం మొదలైంది. గేటు దగ్గర నిలబడి, వనితమ్మ ఇల్లు ఇదేనా అని అడుగుతున్నారు. ఇదే అని చెప్పి పెరట్లోకి పంపిస్తున్నాను. ఇటుక రంగు చామంతిని అందరూ ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. దానికి అసలు ఒక పేరుండేది. ఇప్పుడు నాకూ గుర్తు రావడం లేదు.

ఈ ఏడు పిలకలు నాటిన మర్నాటి నుంచి నేను కోడి కూయకముందే లేస్తున్నాను. తాళ్లెక్కినప్పటి అలవాటు, మర్చిపోలేదు. వంటింట్లోకి పోయి, లైటర్ వెతికి, గ్యాస్ ముట్టించాను మొదటి రోజు. చంద్రవ్వ చప్పుడుకు లేచి వచ్చింది.

"ఏంది ముసలోడా, వంటింట్ల నీకేం పని?"

"కుండీ పెట్టాలె."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. చాయ్ పొంగి పొయ్యి మీద పడింది.

వనిత వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. పొయ్యి చూసింది, నన్ను చూసింది. సంగతి ఒక్క క్షణంలో అర్థమైంది ఆమెకు.

"చాయ్ పెడితె కాదు మామా. పొద్దుగాల రొట్టె ఎవల చేతిది తిన్నరని అడుగుతరు."

"చేస్త," అన్నాను.

పిండి పళ్లెం జరుపుకున్నాను. జొన్న పిండిలో వేడి నీళ్లు పోసి ఎలా కలపాలో చూసినవాణ్నే గాని చెయ్యి పెట్టినవాణ్ని కాదు. ముద్ద చేసి పీట మీద అరచేత్తో కొట్టాను. నడిమికి చీలింది. వనిత ఏమీ చెప్పలేదు. చెప్పదు. ఆమె కూడా పోటీలో ఉంది. చేతులు కట్టుకుని చూస్తోంది, నేను మొగ్గలు గిల్లుతుంటే చూసినట్టే.

ముద్దను మళ్లీ కలిపి, మళ్లీ కొట్టాను. ఈసారి అంచు మాత్రమే చీలింది.

డిసెంబర్ ఇంకా చాలా దూరం ఉంది.